ఆ సైనికుడు ఏమని అరిచాడు?

* వీడియో గేముల్లో జర్మన్ కేకలు.. చెవులకు చిక్కు ప్రశ్నలు
* తప్పు చెవిదా? యంత్రానిదా? భాషదా?
* అర్థం తెలిశాక మారిపోయే ఆట

తలుపు తెరుచుకుంటుంది. నీలం యూనిఫాం తొడుక్కున్న సైనికుడు ఎదురుపడతాడు. ఏదో అరుస్తాడు. తుపాకీ పేలుతుంది. కూలిపోతూ మరో కేక పెడతాడు. అంతా రెండు మూడు సెకన్లలో అయిపోతుంది. ఆడేవాడు పక్క గదిలోకి వెళ్లిపోతాడు. చెవిలో మాత్రం ఆ కేక మిగిలిపోతుంది. ఇంతకీ వాడేమన్నాడు?

1992 మే నెలలో విడుదలైన 'వోల్ఫెన్‌స్టైన్ 3డి' అనే కంప్యూటర్ ఆట ఆడిన వాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ అనుమానం వచ్చే ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలం. నాజీల కోటలో బందీగా ఉన్న అమెరికా సైనికుడు తప్పించుకోవాలి. అదీ కథ. కోట నిండా కాపలా సైనికులు. వాళ్ల నోట జర్మన్ మాటలు. ఆడేవాళ్లలో ఎక్కువ మందికి జర్మన్ ముక్క రాదు. దాంతో ఎవరికి తోచింది వాళ్లు విన్నారు.

నీలం యూనిఫాం సైనికుడు పడిపోతూ వేసే కేక 'మైన్ లేబెన్'. తెలుగు చెవికి అది 'మైనా లేదన్నా' అని వినిపించినా ఆశ్చర్యం లేదు. తెల్ల దుస్తుల అధికారి ఎదురుపడగానే 'ష్పియోన్' అంటాడు. ఆఫీసులో ప్యూనును పిలిచినట్టే ఉంటుంది! మొదటి అంకం చివర్లో ఎదురయ్యే భారీకాయుడు హన్స్ గ్రోసె నేలకొరుగుతూ 'ముటి' అంటాడు. తెలుగువాళ్లకు అది 'ముట్టి'. అంటే తాకి. బళ్లారి వాళ్లకైతే 'ముట్టి' అంటే కన్నడంలో తాకండి. హోసూరులో ఉన్నవాళ్లకు తమిళంలో మోకాలు గుర్తొస్తుంది. బరంపురం వాళ్లకు ఒడియాలో పిడికిలి. ఒక్క కేకకు నాలుగు చోట్ల నాలుగు అర్థాలు!

అసలు అర్థం ఏమిటో తెలుసా? 'మైన్ లేబెన్' అంటే నా ప్రాణం. 'ష్పియోన్' అంటే గూఢచారి. ఇక రెండు చేతుల్లో రెండు పెద్ద తుపాకులు పట్టుకుని మీదికొచ్చిన ఆ భారీకాయుడు చివరి క్షణంలో అన్న 'ముటి' అంటే.. అమ్మా!

ఎవరివా గొంతులు?

అవి జర్మన్లవి కావు. ఈ ఆటను తయారు చేసింది ఐడీ సాఫ్ట్‌వేర్ అనే అమెరికా సంస్థ. అప్పట్లో అందులో పట్టుమని పది మంది కూడా లేరు. జాన్ కార్మాక్, జాన్ రొమేరో, టామ్ హాల్, ఏడ్రియన్ కార్మాక్ లాంటి కుర్రాళ్లే రాత్రింబవళ్లు కూర్చుని దీన్ని తయారు చేశారు. సంగీతం, శబ్దాల పని బాబీ ప్రిన్స్ చూసుకున్నారు. సైనికుల కేకలకు వేరే నటులను పిలిపించే స్తోమత ఎక్కడిది? ఉన్నవాళ్లే మైకు ముందు నిలబడి అరిచేశారు. అంటే జర్మన్ మాతృభాష కానివాళ్లు, జర్మన్ రాని వాళ్ల కోసం, జర్మన్‌లో కేకలు పెట్టారన్నమాట.

అందుకే కొన్ని కేకలు వింతగా ఉంటాయి. నీలం యూనిఫాం సైనికుడు కనబడగానే 'షుట్స్‌ష్టాఫెల్' అని అరుస్తాడు. అది నాజీల ఎస్‌ఎస్ దళానికి పూర్తి పేరు. రక్షణ దళం అని మాటకు అర్థం. దొంగను చూసిన కానిస్టేబుల్ 'ఆగు' అనకుండా 'రాష్ట్ర పోలీసు శాఖ' అని అరిస్తే ఎలా ఉంటుంది? ఇదీ అంతే! నిజం సైనికుడెవరూ తన శాఖ పేరు చెప్పి తుపాకీ ఎత్తడు. కానీ ఆ మాటలో ఉన్న 'ష్', 'ట్స్' శబ్దాలు చెవికి కరుకుగా తగులుతాయి. ఆట తయారు చేసినవాళ్లకు కావాల్సింది అదే. అర్థం కాదు, అదురు.

ఈ ఆటకు ఒక పెద్దన్న కూడా ఉంది. 1981లో బాల్టిమోర్‌కు చెందిన మ్యూజ్ సాఫ్ట్‌వేర్ 'కాజిల్ వోల్ఫెన్‌స్టైన్' అనే ఆట తెచ్చింది. రాసింది సైలస్ వార్నర్. ఆపిల్ టూ కంప్యూటర్ మీద నడిచేది. అందులోనూ కాపలా సైనికులు జర్మన్‌లో గద్దించేవారు. కంప్యూటర్ నుంచి మనిషి మాట రావడమే అప్పటికి వింత. ఆపిల్ టూ స్పీకరుకు తెలిసిందల్లా టక్కుమనడం ఒక్కటే. ఆ టక్కుటక్కులనే వేగంగా పేర్చి మాటలా వినిపించారు. గరగరల మధ్య 'హాల్ట్' అనేది కాస్త తెలిసేది. మిగతాది ఎవరి ఊహ వారిదే.

యంత్రం మింగేసిన అక్షరాలు

మాట తెలియకపోవడానికి భాష రాకపోవడం ఒక్కటే కారణం కాదు. ఆ శబ్దాన్ని దాచిన తీరులోనే ఓ చిక్కు ఉంది.

కంప్యూటర్ శబ్దాన్ని ముక్కలుగా కొలిచి దాచుకుంటుంది. పాటల సీడీలో సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. వోల్ఫెన్‌స్టైన్ 3డిలో కొలిచింది సెకనుకు సుమారు 7,000 సార్లే. ఒక్కో కొలతకు 256 మెట్లు మాత్రమే. ఫ్లాపీల మీద చేతులు మారే ఆట కదా! శబ్దాలకు ఎక్కువ చోటిస్తే ఆటకు చోటుండదు.

సెకనుకు ఎన్నిసార్లు కొలిస్తే అందులో సగం పౌనఃపున్యం వరకే శబ్దం నిలుస్తుంది. ఇది లెక్క. అంటే 7,000 సార్లు కొలిస్తే 3,500 హెర్ట్జ్‌ల వరకే. 'అ', 'ఇ', 'ఉ' లాంటి అచ్చులకు ఇది చాలు. 'మ', 'న', 'ల' కూడా బతికిపోతాయి. 'స', 'ఫ' లాంటి ఈల శబ్దాల బలమంతా 4,000 హెర్ట్జ్‌లకు పైనే ఉంటుంది. అవి తుడిచిపెట్టుకుపోతాయి. జర్మన్ మాటల్లో నిండా ఉండేవి ఆ శబ్దాలే!

పాత ల్యాండ్‌లైన్ ఫోనులో పేరు చెప్పిన అనుభవం ఉన్నవాళ్లకు ఇది కొత్త కాదు. ఫోను తీగ మోసేది 3,400 హెర్ట్జ్‌ల వరకే. అందుకే అవతలివారికి 'ఎస్' చెబితే 'ఎఫ్' వినపడేది. 'ఎస్ అంటే శ్రీనివాస్‌లో ఎస్ అండీ' అని విడమరిచి చెప్పాల్సి వచ్చేది. ఆటలో సైనికుడికి ఆ అవకాశం లేదు. విడమరిచి చెప్పేలోపు ప్రాణం పోతుంది!

దీనికి తోడు తుపాకుల మోత, వెనక సంగీతం, డబ్బా స్పీకర్లు. ఇన్ని దాటుకుని వచ్చిన కేకలో మిగిలేది సగం మాటే. మిగతా సగం ఎవరు నింపుతారు? వినేవాడి బుర్ర!

చెవి వినదు.. ఊహిస్తుంది

ఈ నింపుడు వ్యవహారంపై అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ వారెన్ 1970లో ఓ చక్కని ప్రయోగం ప్రచురించారు. ఓ వాక్యాన్ని రికార్డు చేసి, అందులో ఒక మాటలోని 'స' శబ్దాన్ని కత్తిరించేశారు. ఆ ఖాళీలో దగ్గు శబ్దం పెట్టారు. విన్నవాళ్లకు 'స' లేదనే తెలియలేదు. మాట మొత్తం స్పష్టంగా విన్నామనే అనుకున్నారు. దగ్గు వాక్యంలో సరిగ్గా ఎక్కడ వచ్చిందో కూడా చెప్పలేకపోయారు. లేని అక్షరాన్ని బుర్ర తెచ్చి అతికించేసింది.

భాష తెలిస్తే ఆ అతుకు సరిగ్గా పడుతుంది. తెలియకపోతే? తనకు తెలిసిన భాషలోంచి ఏదో ముక్క తెచ్చి అతికిస్తుంది. అందుకే ఒకే కేక ఇంగ్లిష్ పిల్లాడికి ఒకలా, తెలుగు పిల్లాడికి మరోలా వినపడుతుంది.

కన్ను కూడా చెవికి సాయం చేస్తుంది. 1976లో హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ అనే పరిశోధకులు దీన్ని తేల్చారు. 'బ' అనే శబ్దం వినిపిస్తూ 'గ' అనే పెదాల కదలిక చూపించారు. చాలామందికి 'డ' అని వినపడింది! మనం ఎదుటి మనిషి పెదాలు చూస్తూ వింటామన్నమాట. వోల్ఫెన్‌స్టైన్‌లో సైనికుడి మొహమే గట్టిగా నాలుగు చుక్కలు. ఇక పెదాల ఊసెక్కడ?

మన అక్షరాల సంగతీ ఉంది. జర్మన్ కాపలావాడు 'అఖ్టుంగ్' అంటాడు. అందులో 'ఖ్' మన 'ఖ' కాదు. 'ఖ'కూ 'హ'కూ మధ్య గొంతులో గీసుకుంటూ వచ్చే శబ్దం. తెలుగులో దానికి అక్షరం లేదు. ఇంగ్లిష్‌లోనూ లేదు. అందుకే ఇంగ్లిష్ వాళ్లు 'అక్టుంగ్' అనేస్తారు. లేని శబ్దాన్ని చెవి దగ్గర్లో ఉన్న గదిలోకి తోసేస్తుంది.

తెలుగువాళ్లకు మరో అలవాటుంది. హల్లుతో ముగిసే పరాయి మాట వస్తే చివర ఓ 'ఉ' తగిలిస్తారు. బస్సు, కారు, రోడ్డు అన్నీ అలా వచ్చినవే. జర్మన్ కాపలావాడి 'హాల్ట్' కూడా మన నోట 'హాల్టు' అయిపోతుంది. ఈ మాట మాత్రం ఎవరికీ కొత్త కాదు. పల్లెల్లో నైట్ హాల్టు బస్సు ఎక్కినవాళ్లకు, హాల్టు స్టేషన్లో ప్యాసింజర్ రైలు కోసం చూసినవాళ్లకు బాగా తెలిసిందే. ఆగు అని అర్థం. వోల్ఫెన్‌స్టైన్ కోటలో అరిచేవాడూ, రాత్రి ఊళ్లో ఆగే బస్సూ ఒకే మాటను పంచుకున్నాయి.

అసలు సైనికులకూ తప్పలేదు

కేకలు తప్పుగా వినడం ఆటలతో మొదలు కాలేదు. తుపాకులు పట్టిన అసలు సైనికులకూ ఈ తిప్పలు తప్పలేదు. అందుకు మన దేశమే సాక్షి.

మొహర్రం ఊరేగింపులో 'యా హసన్, యా హుసేన్' అంటూ గుండెలు బాదుకునే వారి కేకలను బ్రిటిష్ సైనికులు తమ చెవికి తోచినట్టు విన్నారు. వాళ్ల నోట అది 'హాబ్సన్ జాబ్సన్' అయింది. ఇంగ్లండ్‌లో ఇంటిపేర్లుగా వినిపించే మాటలు! హెన్రీ యూల్, మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన ఏ.సి.బర్నెల్ కలిసి ఆంగ్లో ఇండియన్ మాటల నిఘంటువు కూర్చారు. 1886లో అచ్చయిన ఆ పుస్తకానికి పెట్టిన పేరు అదే. పరాయి మాటను తన భాషలోని మాటలా మార్చేసుకునే అలవాటును భాషావేత్తలు హాబ్సన్ జాబ్సన్ సూత్రం అని ఇప్పటికీ అంటారు.

దెబ్బకు దెబ్బ అన్నట్టు మన సిపాయిలూ ఊరుకోలేదు. రాత్రి పహరాలో ఎవరైనా కనబడితే బ్రిటిష్ సెంట్రీ 'హూ కమ్స్ దేర్' అని అడగాలి. ఎవరక్కడ అని అర్థం. ఇంగ్లిష్ రాని సిపాయిల నోట అది 'హుకుందార్' అయింది. హుకుం అంటే ఆజ్ఞ కాబట్టి వినడానికి అర్థవంతంగానే ఉంది. తెల్లవాళ్లు వెళ్లిపోయినా ఆ కేక పోలేదు. ఉత్తరాది పోలీసు, సైనిక పహరాల్లో 'హుకుందార్' నిలిచిపోయింది.

తెలుగువాళ్ల చేతిలో ఈస్టిండియా కంపెనీ కుంఫిణీ అయింది. హాస్పిటల్ ఆసుపత్రి అయింది. శ్రీకాకుళం ఇంగ్లిష్ కాగితాల్లో చికాకోల్‌గా మారితే, యానాం ఫ్రెంచివారి రికార్డుల్లో యానాన్ అయింది. ఎవరి చెవి వారిది!

ఇలా పొరబాటుగా విన్న మాటలకు ఇంగ్లిష్‌లో 'మాండెగ్రీన్' అని పేరు. 1954లో సిల్వియా రైట్ అనే అమెరికా రచయిత్రి దీన్ని పుట్టించారు. చిన్నప్పుడు తల్లి చదివి వినిపించిన ఓ పాత స్కాటిష్ గాథలో, చనిపోయిన వీరుణ్ని పచ్చికపై పడుకోబెట్టారనే మాటలను ఆమె 'లేడీ మాండెగ్రీన్' అని విన్నారు. వీరుడితో పాటు ఓ దొరసాని కూడా చనిపోయిందని ఎన్నాళ్లో బాధపడ్డారట. తమిళనాట ఉన్నవారికి మరో ఉదాహరణ గుర్తుండే ఉంటుంది. ప్రభుదేవా ఆడిన ఓ తమిళ సినిమా పాటకు తన చెవికి వినపడినట్టు ఇంగ్లిష్ మాటలు అతికించి ఓ అమెరికన్ 2007లో ఇంటర్నెట్‌లో పెట్టాడు. 'బెన్నీ లావా' పేరుతో అది ప్రపంచమంతా తిరిగింది. తమిళం వచ్చినవారు నవ్వారు. కొందరు నొచ్చుకున్నారు కూడా.

జర్మన్లకు వినిపించని జర్మన్

వోల్ఫెన్‌స్టైన్ విషయంలో అన్నిటికన్నా విడ్డూరం ఇంకోటుంది. ఆ కేకలు సరిగ్గా అర్థం చేసుకోగల జర్మన్లకు ఆ ఆట అందకుండా పోయింది!

నాజీ గుర్తులు బహిరంగంగా చూపడం జర్మనీ శిక్షాస్మృతిలోని 86ఎ సెక్షన్ కింద నేరం. ఆటలో గోడల నిండా స్వస్తిక జెండాలే. దాంతో 1994లో అక్కడి కోర్టు వోల్ఫెన్‌స్టైన్ 3డిని జప్తు చేయించింది. అదే ఏడాది సూపర్ నింటెండో పెట్టెకు వచ్చిన ఆటలో స్వస్తికలు తీసేశారు. హిట్లర్ పేరు మార్చేశారు. కాపలా కుక్కల స్థానంలో పెద్ద పెద్ద ఎలుకలు వచ్చాయి. జర్మన్ కేకలు కూడా పోయి ఇంగ్లిష్ కేకలు వచ్చాయి. 2017లో వచ్చిన 'వోల్ఫెన్‌స్టైన్ 2' జర్మన్ ప్రతిలో హిట్లర్‌కు మీసమే లేదు!

2018 ఆగస్టులో పరిస్థితి మారింది. చరిత్రను, కళను దృష్టిలో పెట్టుకుని ఒక్కో ఆటను విడివిడిగా పరిశీలించి అనుమతి ఇవ్వొచ్చని అక్కడి ఆటల వర్గీకరణ సంస్థ నిర్ణయించింది. 2019లో పాత వోల్ఫెన్‌స్టైన్ 3డిని కూడా నిషేధిత జాబితా నుంచి తొలగించారు. అప్పటికి ఆ ఆట వయసు 27 ఏళ్లు.

జర్మనీకి ఇంత పట్టింపు ఎందుకంటే, ఆ గుర్తుల వెనక ఉన్నది ఆట కాదు. నీలం యూనిఫాంలో కనిపించే ఆ ఎస్‌ఎస్ దళమే నిర్బంధ శిబిరాలను నడిపింది. నాజీలు చంపిన యూదుల సంఖ్య సుమారు 60 లక్షలు. 'నా ప్రాణం' అని ఆటలో ఓ ఎస్‌ఎస్ సైనికుడు అరిచినంత మాత్రాన ఆ పాపం తగ్గదు.

అయితే ఆ పాపం భాషది కాదు కదా! నాజీలు వేటాడిన లక్షల మంది మాతృభాష కూడా జర్మనే. అన్నె ఫ్రాంక్ 1929లో పుట్టింది జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో. 1933లో దేశం వదిలిన ఐన్‌స్టీన్ పుట్టింది ఉల్మ్ పట్టణంలో. తరిమేవాడూ, పరిగెత్తేవాడూ చాలాచోట్ల ఒకే భాషలో అరిచారు. ఆటల్లో, సినిమాల్లో మాత్రం తరిమేవాడి కేకలే మిగిలాయి. జర్మన్ అంటే గద్దించే భాష అని ప్రపంచంలో సగం మంది అనుకోవడానికి ఈ కేకలూ ఓ కారణమే.

'అఖ్టుంగ్' మాటనే చూడండి. ఆట ఆడినవాళ్లకు అది తుపాకీ ఎత్తబోయే ముందు వచ్చే బెదిరింపు. జర్మనీలో రైల్వే స్టేషన్ మైకులోనూ అదే మాట. మెట్టు ఉంది, చూసి నడవండి అని చెప్పే బోర్డు మీదా అదే మాట. జాగ్రత్త అని అర్థం. అంతేకాదు, ఆ మాటకు గౌరవం అనే అర్థం కూడా ఉంది!

అర్థాలివీ..

యుద్ధం ఆటల్లో తరచూ వినిపించే జర్మన్ కేకలు, వాటి అర్థాలు:

హాల్ట్ - ఆగు
అఖ్టుంగ్ - జాగ్రత్త
హెండె హోఖ్ - చేతులు పైకెత్తు
ష్నెల్ - త్వరగా
ఫోయర్ - నిప్పు. కాల్చండి అని ఆజ్ఞ
గ్రనాటె - గ్రెనేడ్
డెకుంగ్ - చాటుకు వెళ్లండి
ష్పియోన్ - గూఢచారి
మైన్ లేబెన్ - నా ప్రాణం, నా జీవితం
ముటి - అమ్మా

సరిహద్దు చెవులకు తెలిసిన సంగతే

నాలుగు భాషల నడుమ బతికేవారికి ఈ గొడవంతా విడిగా చెప్పక్కర్లేదు. బళ్లారి సిటీ బస్సులో కండక్టరు 'ముందె హోగి' అని అరుస్తాడు. ముందుకు వెళ్లండని అర్థం. కొత్తగా దిగిన తెలుగు మనిషికి అది 'ముందు ఆగి' అని వినపడొచ్చు. వెళ్లమంటే ఆగిపోతాడు. వెనకాల జనం విసుక్కుంటారు. సంతలో కన్నడం వాళ్లు 'బేడ' అంటే వద్దని. పాతకాలం తెలుగువాళ్లకు బేడ అంటే రెండణాలు. బేరం ఎటు పోతుందో చెప్పాలా? బరంపురంలో 'పాణి' అంటే నీళ్లు. షోలాపూర్‌లోనూ నీళ్లే. కొత్తవాడు పని అనుకుంటే 'ఏం పని?' అని ఎదురు ప్రశ్న వేస్తాడు.

మొదటి రోజుల్లో పొరుగు భాష ఎవరికైనా అరుపులాగే ఉంటుంది. వాళ్లు మామూలుగా మాట్లాడినా కోప్పడుతున్నట్టే అనిపిస్తుంది. నాలుగు నెలలు గడిచాక అదే కండక్టరు గొంతులో కోపం ఉండదు. ఆయన అరుపు మారలేదు. వినేవాడికి మాట తెలిసింది, అంతే.

ఆటలోనూ జరిగేది ఇదే. 'మైన్ లేబెన్'కు అర్థం తెలియనంత కాలం అది తలుపు చప్పుడు లాంటి ఓ చప్పుడు. తెలిశాక అది ఓ మనిషి మాట. 'ముటి' అర్థం తెలిశాక ఆ భారీకాయుడికీ ఓ తల్లి ఉందని తెలుస్తుంది. ఆట ఆగదు. స్కోరు తగ్గదు. కానీ రెండోసారి ఆ కేక విన్నప్పుడు వేలు ఒక్క క్షణం ఆగి కదులుతుంది.

ఇప్పుడు జర్మన్ నేర్చుకునే తెలుగువాళ్లు తక్కువేం లేరు. జర్మనీలో ఆసుపత్రి కొలువుల కోసం నర్సులు, పై చదువుల కోసం ఇంజినీరింగ్ విద్యార్థులు ఆ భాష పట్టుకుంటున్నారు. చెన్నై, బెంగళూరు, పుణెల్లో గోథె ఇన్‌స్టిట్యూట్ వారి మాక్స్‌ముల్లర్ భవన్‌లు ఉన్నాయి. హోసూరు నుంచి బెంగళూరు ఎంత దూరం? గంటా, గంటన్నర ప్రయాణం.

అక్కడ మొదటి రోజు నేర్పే మాట 'గూటెన్ టాగ్'. మంచి రోజు అని పలకరింపు. మన నమస్కారం లాంటిది. వోల్ఫెన్‌స్టైన్ ఆడినవాళ్లు ఆ మాట ఎక్కడో విన్నట్టుందే అనుకుంటారు. నిజమే. రెండు చేతుల్లో రెండు తుపాకులతో ఎదురొచ్చే ఆ హన్స్ గ్రోసె, కాల్పులు మొదలుపెట్టే ముందు అనేది అదే. మోతలో ఎవరికీ పట్టలేదు గానీ, పాపం అతను ముందు నమస్కారమే పెట్టాడు!